నేల, నీరు, అడవి

మానవుడు ప్రకృతికి వెలుపల నిలిచి దానిని చూచేవాడు కాడు. అతడు పీల్చే గాలి, తాగే నీరు, తినే తిండి ప్రకృతిలోనివే. జీవులకూ వాటి పరిసరాలకూ గల ఈ సంబంధాన్ని వివరించే శాస్త్రమే ఆవరణ శాస్త్రం. జర్మను శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘ఇల్లు’ అనే అర్థం గల పదం నుండి ఆ పేరు పుట్టింది. ఒక ఇంటిలోని వారందరూ ఒకరిపై ఒకరు ఆధారపడినట్లే ఒక ప్రదేశంలోని నేల, నీరు, గాలి, చెట్టు, పురుగు, పక్షి, మనిషి పరస్పరం ఆధారపడి జీవిస్తాయి. అలా కలిసి పనిచేసే సముదాయానికి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు టాన్స్‌లీ 1935లో ఇచ్చిన పేరునే మనం తెలుగులో ‘ఆవరణ వ్యవస్థ’ అంటున్నాం.

ఈ శాస్త్ర విషయాలను తెలుసుకోవడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లాను విభజించినప్పుడు ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడు. పడమటి మెరక నేలల నుండి తూర్పున గోదావరి ఒడ్డు వరకు పరుచుకున్న ఈ ప్రాంతంలో రాయి మారుతుంది, మట్టి మారుతుంది, వాన మారుతుంది, వాటితోపాటు బతుకుతెరువు కూడా మారుతుంది. భౌతిక భూగోళం జీవావరణాన్ని ఎలా తీర్చిదిద్దుతుందో తెలుసుకోవడానికి ఈ మూడు జిల్లాలు చక్కని నిదర్శనం.

శిల – మట్టి

ఆవరణ వ్యవస్థలో రెండు రకాల కారకాలు ఉంటాయి. శిల, మట్టి, నీరు, గాలి, ఉష్ణోగ్రత, సూర్యరశ్మి నిర్జీవ కారకాలు. మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు సజీవ కారకాలు. నిర్జీవ కారకాలలో మొదట పరిశీలించదగినది శిల. ఏలయనగా మట్టికి తల్లి శిలయే.

జనగామ ప్రాంతంలో ఎటుచూచినా గుండ్రని బండరాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుట్టలు కనిపిస్తాయి. ఇవి ప్రధానంగా గ్రానైటు, దానికి చుట్టరికం గల నైస్ శిలలు. భూమి పుట్టిన తొలి యుగాలకు చెందిన ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, వాననీటికి కరగి శిల క్రమంగా చిట్లిపోవడాన్ని ‘శిలాశైథిల్యం’ అంటారు. చిట్లిన మట్టిని గాలి, నీరు తరలించుకుపోవడాన్ని ‘క్రమక్షయం’ అంటారు. గ్రానైటు శైథిల్యం చెందగా ఏర్పడినవే ఇక్కడి ఎర్రని చెల్క నేలలు. ఇసుకపాలు ఎక్కువగా ఉండే ఈ మట్టిలో తేమ ఎంతోకాలం నిలువదు. వాన పడిన నాలుగు దినాలకే పైరు మళ్లీ ఆకాశం వైపు చూస్తుంది.

మహబూబాబాద్ జిల్లాలో దృశ్యం మారుతుంది. మానుకోటగా ప్రజలు పిలుచుకునే ఈ జిల్లాలో పడమటి వైపు గ్రానైటు నేలలున్నా, తూర్పు, ఉత్తర దిశలకు పోయిన కొలది కొండల వరుసలు, అడవులు ఎదురవుతాయి. ఈ కొండలలోని శిలలు సముద్ర గర్భంలో పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన అవక్షేప శిలలు. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన ఈ శిలాశ్రేణికి భూవిజ్ఞానులు సమీపంలోని పాకాల పేరే పెట్టారు. ఈ జిల్లాలోని బయ్యారం ఇనుప ఖనిజానికి ప్రసిద్ధి.

భూపాలపల్లి జిల్లాకు వచ్చేసరికి ఇసుకరాయి ప్రధానమవుతుంది. రేగొండ సమీపంలోని పాండవుల గుట్టలు ఇసుకరాతి పొరలు గాలివానలకు అరిగి ఏర్పడిన వింత ఆకృతులకు నెలవు. ఆ రాతి గుహలలో ఆదిమానవుడు గీసిన చిత్రాలు నేటికీ ఉన్నాయి. ఈ జిల్లాలోనే గోదావరి లోయ పొడవునా గోండ్వానా శిలలు, వాటి మధ్య బొగ్గు పొరలు వ్యాపించి ఉన్నాయి.

రాతి భేదం నీటి భేదానికి కారణమవుతుంది. ఇసుకరాయిలో రేణువుల మధ్య సందులు ఉంటాయి. వాననీరు ఆ సందులలోనికి ఇంకి నిలువ ఉంటుంది. గ్రానైటులో అటువంటి సందులు లేవు. పైనున్న శిథిలమైన పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. కనుక జనగామ రైతు తవ్వే బావికి నీరు పడడం ఆ చోట పగులు ఉండడంపై ఆధారపడుతుంది. ఒక చేనులో బోరు నిండుగా పోసి, పక్క చేనులో దుమ్ము లేవడానికి కారణం అదృష్ట దురదృష్టాలు కాదు, భూమి పొరల అమరిక.

జలవిభాజకం

వాన కురిసినప్పుడు నీరు పల్లానికి పారుతుంది. ఒక నదికి లేదా వాగుకు నీరు చేరవేసే మొత్తం భూభాగాన్ని ఆ నది ‘పరీవాహక ప్రాంతం’ అంటారు. రెండు పరీవాహక ప్రాంతాలను వేరుచేసే ఎత్తైన రేఖకు ‘జలవిభాజకం’ అని పేరు.

పూర్వపు వరంగల్లు జిల్లా గుండా గోదావరి, కృష్ణా నదుల జలవిభాజకం సాగిపోతుంది. ఆకేరు, పాలేరు, మున్నేరు వాగులు దక్షిణానికి పారి కృష్ణానదిని చేరుతాయి. ఆకేరు ఖమ్మం సమీపంలోని తీర్థాల వద్ద మున్నేరులో కలుస్తుంది. పాకాల సరస్సు మిగులు నీరు కూడా మున్నేరులోనికే పోతుంది. పాకాలకు ఉత్తరాన ఉన్న లక్నవరం, రామప్ప చెరువుల నీరు మాత్రం గోదావరి వైపు నడుస్తుంది. అనగా ఒకే మేఘం కురిపించిన రెండు చినుకులు గుట్ట శిఖరానికి ఇవతల పడితే ఒక నదిలోను, అవతల పడితే వేరొక నదిలోను కలుస్తాయి.

భూపాలపల్లి జిల్లా గోదావరి పరీవాహకంలోనిది. జిల్లా సరిహద్దున కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగా నదుల కలయిక వల్ల ఏర్పడిన ప్రాణహిత విదర్భ, మధ్యప్రదేశ్ అడవుల నీటిని మోసుకొని వస్తుంది. జిల్లాలను, రాష్ట్రాలను మనుషులు గీసుకున్న గీతలు విడదీస్తాయి. నీటికి ఆ గీతలు తెలియవు. ఎగువన ఏమి జరిగినా దాని ఫలితం దిగువన అనుభవించవలసిందే.

చెరువు – మానవ నిర్మిత ఆవరణ వ్యవస్థ

ఈ నేల స్వభావాన్ని ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే గ్రహించినవారు కాకతీయులు. ఈ ప్రాంతంలో వాన ప్రధానంగా జూన్ నుండి సెప్టెంబరు వరకు, నైరుతి రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. మిగిలిన మాసాలకు నీరు కావాలంటే నిలువ చేయడమే మార్గం. గట్టి రాయి పైన ఉన్నందువల్ల నీరు లోతుకు ఇంకదు. గుట్టల మధ్య పల్లాలు ఉన్నందువల్ల చిన్న కట్టతో పెద్ద చెరువు ఏర్పడుతుంది. లోపమని తోచిన భూస్వభావాన్నే వారు గుణంగా మలచుకున్నారు.

కాకతి గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించాడు. రామప్ప, పాకాల, లక్నవరం, భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువులు ఆయన కాలం నాటివని ప్రసిద్ధి. ఆయన సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్యాధారాలలో ఆ శాసనం ఒకటి. ఒక రాజవంశ చరిత్ర చెరువు గట్టున మనకు లభించడం ఆనాటి వారు చెరువుకు ఇచ్చిన గౌరవానికి గుర్తు.

చెరువు నిర్మాణంలో ప్రతి భాగానికి ఒక ప్రయోజనం ఉంది. కట్ట నీటిని నిలుపుతుంది. తూము అవసరమైన మేరకు నీటిని పొలాలకు వదలుతుంది. మత్తడి, అనగా అలుగు, మిగులు నీటిని దిగువకు పంపి కట్టను కాపాడుతుంది. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు కాలువ ద్వారా దిగువ చెరువును నింపుతుంది. ఈ విధంగా వరుసగా అమర్చిన వాటిని ‘గొలుసుకట్టు చెరువులు’ అంటారు. నీరు తన బరువుతో తానే పారేటట్లు చేసిన ఈ ఏర్పాటుకు బయటి శక్తి ఏదీ అవసరం లేదు. చెరువు కింద ఉన్న పొలాలను ‘ఆయకట్టు’ అంటారు. ఆయకట్టుకు వంతుల వారీగా నీరు పంచే పని గ్రామంలో నీరటివానిది.

చెరువు వల్ల కలిగే మేలు ఆయకట్టుకే పరిమితం కాదు. నిలిచిన నీరు కొద్దికొద్దిగా ఇంకి చుట్టుపక్కల బావులలో ఊట పెంచుతుంది. వరదతో కొట్టుకొని వచ్చిన ఒండ్రు అడుగున పేరుకుంటుంది. వేసవిలో రైతులు ఆ మట్టిని బండ్లతో తోలి చెల్కలలో పరుస్తారు. ఇసుకనేలకు అది బలాన్ని, తేమను నిలుపుకునే గుణాన్ని ఇస్తుంది. క్రమక్షయం వల్ల చేను కోల్పోయిన సారం తిరిగి చేనికే చేరుతుంది. పూడిక తీయడం వల్ల చెరువు లోతు కూడా పెరుగుతుంది. ఒకే పని ఇటు చెరువుకు, అటు చేనుకు ఉపకరించడం ఈ వ్యవస్థలోని విశేషం.

చెరువులోని జీవజాలం

చెరువు నీటిలో కంటికి కనిపించనంత చిన్న శైవలాలు, నాచు, తుంగ, తామర పెరుగుతాయి. ఇవి సూర్యరశ్మిని గ్రహించి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారాన్ని తయారు చేసుకుంటాయి. కనుక వీటిని ‘ఉత్పత్తిదారులు’ అంటారు. వీటిని తిని సూక్ష్మ జంతువులు, పురుగులు, నత్తలు బతుకుతాయి. ఇవి ప్రాథమిక వినియోగదారులు. వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను కొర్రమీను వంటి పెద్ద చేపలు తింటాయి. కొంగ, నీటికాకి, లకుముకిపిట్ట చేపలను వేటాడుతాయి. చనిపోయిన జీవుల కళేబరాలను బాక్టీరియా, శిలీంధ్రాలు కుళ్లబెట్టి, వాటిలోని మూలకాలను మళ్లీ నీటికి, మట్టికి అప్పగిస్తాయి. వీటిని ‘విచ్ఛిన్నకారులు’ అంటారు.

ఒక జీవి నుండి మరొక జీవికి ఆహారం అందే ఈ క్రమమే ‘ఆహారపు గొలుసు’. ప్రతి మెట్టులోను జీవి తాను పొందిన శక్తిలో అధిక భాగాన్ని శ్వాసక్రియకు, కదలికకు వినియోగించి వేడి రూపంలో కోల్పోతుంది. పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదవ వంతు మాత్రమే. లిండెమన్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో సరస్సులపై చేసిన పరిశోధన ఈ సూత్రానికి ఆధారం. మొక్కలలో 10,000 యూనిట్ల శక్తి ఉంటే ప్రాథమిక వినియోగదారులకు 1,000, చిన్న చేపకు 100, పెద్ద చేపకు 10 యూనిట్లు లభిస్తాయి. చెరువులో నాచు కంటే చేపలు, చేపల కంటే కొంగలు తక్కువగా ఉండడానికి ఇదే కారణం.

శక్తి ఒకే దిశలో ప్రవహిస్తుంది. పదార్థం మాత్రం చక్రంలా తిరుగుతుంది. ఈ భేదాన్ని విద్యార్థులు స్పష్టంగా గుర్తుంచుకోవాలి. సూర్యుని నుండి వచ్చిన శక్తి మెట్టుమెట్టుకూ తరిగి వేడిగా వెలువడిపోతుంది. నత్రజని, భాస్వరం వంటి మూలకాలు మట్టి నుండి మొక్కకు, మొక్క నుండి జంతువుకు, జంతువు నుండి మళ్లీ మట్టికి చేరుతూనే ఉంటాయి.

అడవి చేసే మేలు

పాకాల సరస్సు చుట్టూ ఉన్న అడవిని 1952లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు ఈ అడవులలో విరివిగా పెరుగుతాయి. వేసవికి ముందు ఆకు రాల్చి నీటిని పొదుపు చేసుకునే ఇటువంటి అడవులను ‘ఆకురాల్చు అడవులు’ అంటారు.

చెరువు మనుగడకు ఎగువనున్న అడవే రక్ష. వాన చినుకు సూటిగా నేలను తాకితే మట్టి చెదరిపోతుంది. చెట్ల కొమ్మలు ఆ వేగాన్ని తగ్గిస్తాయి. రాలిన ఆకుల పొర నీటిని పీల్చుకుంటుంది. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అలా ఆగి ఆగి దిగిన నీరు వానలు వెలిసిన తరువాత కూడా వాగులలో పారుతుంది. అడవి నరికిన చోట వాన నీరంతా ఒక్కసారిగా బురదతో కలిసి వచ్చి చెరువులో పూడిక నింపుతుంది. వానాకాలంలో వరద, వేసవిలో కరవు అనే రెండు విరుద్ధ కష్టాలు ఒకే కారణం వల్ల కలుగుతాయి. కోయ మొదలైన గిరిజనులు ఇప్పపువ్వు, తునికాకు, తేనె సేకరించి జీవనం సాగిస్తున్నారు. చెట్టును నరకకుండా చెట్టు ఇచ్చే ఫలాన్ని గ్రహించే ఈ జీవన విధానంలో ఆవరణ శాస్త్ర సారం ఇమిడి ఉంది.

భూపాలపల్లి గనులలోని బొగ్గు కూడా ఒకనాటి అడవియే. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రితం చిత్తడి నేలలలో పెరిగిన వృక్షాలు బురద కింద పూడిపోయి, ఒత్తిడికీ వేడికీ లోనై బొగ్గుగా మారాయి. అవి గాలి నుండి గ్రహించిన కర్బనం అంతకాలంగా భూమిలో భద్రంగా ఉంది. దానిని తవ్వి కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువుగా తిరిగి గాలిలో చేరుతుంది. కోట్ల సంవత్సరాలలో కూడిన నిలువ కొన్ని దశాబ్దాలలో వెలువడడం వల్ల భూగోళం వేడెక్కుతున్నది.

గొలుసు తెగిన వేళ

గొట్టపు బావులు వచ్చిన తరువాత చెరువుల పట్ల శ్రద్ధ సన్నగిల్లింది. కాలువలు పూడిపోయాయి. చెరువు ముంపు భూమి అయిన శిఖం పలుచోట్ల ఆక్రమణకు గురైంది. జనగామ వంటి మెరక ప్రాంతాలలో భూగర్భజలం అడుగంటింది. అక్కడి రైతుకు బోరు ఎండితే పంట పోతుంది, అప్పు మిగులుతుంది. ఈ కష్టాన్ని తీర్చడానికి గోదావరి నీటిని ఎత్తిపోసే దేవాదుల పథకానికి 2004లో శంకుస్థాపన జరిగింది. పూడిన చెరువుల పునరుద్ధరణకు 2015లో మిషన్ కాకతీయ ప్రారంభమైంది. ఎత్తిపోతలకు విద్యుత్తు కావాలి, విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుండే లభిస్తున్నది. ఒకనాడు పల్లానికి తానే పారిన నీటిని నేడు బొగ్గు కాల్చి మెరకకు మోయవలసి వస్తున్నది.

నీరు తక్కువైనప్పుడే కాక ఎక్కువైనప్పుడు కూడా ఈ వ్యవస్థ విలువ తెలుస్తుంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. తెలంగాణలో అది రికార్డు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో సైతం 600 మిల్లీమీటర్లకు మించి కురిసింది. తెల్లవారేసరికి మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులపైకి, చెట్లపైకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. హెలికాప్టర్లతో, పడవలతో వారిని కాపాడవలసి వచ్చింది. కొందరు వరదలో కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. అదే దినం మున్నేరు పొంగి దిగువనున్న ఖమ్మం పట్టణంలోని కాలనీలను ముంచింది. మానుకోట నేలపై పడిన వాన ఖమ్మం వీథులలో వరదయింది. పరీవాహక ప్రాంతం అనే మాటకు అర్థం ఆ దినం ప్రజలకు అనుభవంలోనికి వచ్చింది.

అంతటి వానను ఏ చెరువూ పూర్తిగా ఆపలేదు. అయితే పూడిక లేని చెరువు కొంత నీటిని తనలో దాచుకుంటుంది. ఆక్రమణ లేని వాగు కొంత నీటికి దారి ఇస్తుంది. ఎగువనున్న అడవి కొంత వేగాన్ని తగ్గిస్తుంది. ఈ మూడు ‘కొంత’లూ కలిసినప్పుడు ఒక గ్రామం మునగడానికీ, బయటపడడానికీ మధ్య కొన్ని గంటల వ్యవధి లభిస్తుంది. ఆపదలో ఆ కొన్ని గంటలే ప్రాణదానం చేస్తాయి.

ముగింపు

జనగామ జిల్లాలోని బమ్మెర పోతన జన్మస్థలంగా ప్రసిద్ధి చెందింది. ఆయన రాజాశ్రయాన్ని కోరక హాలికుడుగా జీవించాడని జనశ్రుతి. ఆ చెల్క నేలలో సేద్యం చేసి జీవించడమంటే వానకు, చెరువుకు, మట్టికి గల సంబంధాన్ని ఎరిగి ఉండడమే. నాడు అనుభవం నేర్పిన ఆ సంబంధాన్నే నేడు శాస్త్రం వివరిస్తున్నది.

శిల మట్టిని ఇస్తుంది. మట్టి చెట్టును నిలుపుతుంది. చెట్టు నీటిని ఆపుతుంది. నీరు చెరువును నింపుతుంది. చెరువు చేనును, చేను మనిషిని పోషిస్తాయి. ఈ వరుసలో మనిషి చివరివాడు, కాని వరుసను తెంపగలవాడూ నిలుపగలవాడూ అతడొక్కడే. తమ ఊరి చెరువుకు నీరు ఏ దిక్కు నుండి వస్తుంది, మత్తడి దూకిన నీరు ఏ చెరువును చేరుతుంది, అది చివరకు గోదావరిలో కలుస్తుందా కృష్ణలో కలుస్తుందా అనే మూడు ప్రశ్నలకు ప్రతి విద్యార్థీ సమాధానం తెలుసుకోవాలి. తన ఊరి నీటిదారి తెలిసినవాడు ఆ దారికి అడ్డంగా ఇల్లు కట్టడు, కట్టేవారిని చూచి ఊరుకోడు.